పెళ్లికొడుకు కారుకు పూల ముసుగు

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అంటారు. నేను నా సొంత పెళ్లికి పిల్లికి బదులు పుస్తక జ్ఞానాన్ని పెట్టుకెళ్లాను. పిల్లయితే మధ్యలో దూకి పారిపోయేది. ఇది చివరిదాకా నాతోనే ఉండి, కుదిరిన సంబంధాన్ని కాస్తలో ముంచేసేది.

అప్పట్లో మేడ్చల్ గ్రంథాలయంలో నేను తెరవని అల్మారా లేదు. మోటారు బండ్ల మీద అక్కడున్న పాత పుస్తకం నాకు కంఠతా వచ్చు. కారు నడపడం రాదు, అది వేరే సంగతి. చెరువు గట్టున నిలబడి చేపకు ఈత నేర్పేవాడిలా, మా బావకు డ్రైవింగులో సలహాలిచ్చేవాణ్ణి. బావ అంటే మా అక్క భర్త. కారు ఆయనదే.

పెళ్లి శామీర్‌పేటలో, ఒక ఫంక్షన్ హాల్లో. పొద్దున ముహూర్తం. అది దాటితే మళ్లీ శ్రావణం దాకా ఆగాలని పంతులు ముందే హెచ్చరించాడు. కారుకు బంతిపూలు కట్టిస్తుంటే నాకో ఆలోచన వచ్చింది. ఇంజను వేడికి పూలు వాడిపోతాయి కదా? అందుకని ఇంజనుకు గాలి పోయే ముందు జాలీకి మందమైన ప్లాస్టిక్ పట్టా చుట్టించి, దాని మీద దండలు ఒత్తుగా కట్టించాను. మీకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకా సగం దారి పోవాలి.

బావ నడుపుతుంటే పక్కన నేను, వెనక అక్క, అవ్వ కూర్చున్నాం. మేడ్చల్ దాటిన కాసేపటికి స్టీరింగు ముందు పసుపు లైటు వెలిగింది. బావ ఎంత తొక్కితే కారు అంత నీరసపడింది. సైకిలు మీద పాలాయన మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఏందిర గిది? ఎంత తొక్కినా పోతలేదు" అన్నాడు బావ.

"పరేషాన్ గాకు బావా. కారుల కంప్యూటర్ ఉంటది. ఏదన్న తేడా వస్తే, ఇంజను ఖరాబ్ గావద్దని బలం తగ్గిస్తది. బంద్ జేసి మళ్ల చాలు జెయ్యి, మర్చిపోతది."

రోగం పేరు సరిగ్గానే చెప్పాను. చిక్కల్లా కారణం దగ్గర వచ్చింది. కాసేపు ఆపి నడిపితే బాగానే పోయింది. అక్క వైపు గర్వంగా చూశాను. చూస్తుండగానే లైటు మళ్లీ వెలిగింది.

ఇక లాభం లేదని తలపాగా తీసి అవ్వ ఒళ్లో పెట్టి, దిగి బానెట్ ఎత్తాను. లోపలి నుంచి పొయ్యి సెగ కొట్టింది.

"కాల్తాంది గదర."

"ఇంజను కాలకుంటే ఐసుడబ్బా కాల్తదా బావా? వేడి ఉంటెనే పాణం ఉన్నట్టు."

వైర్లు వదులై ఉంటాయని తేల్చాను. అందిన ప్రతి వైరూ పీకి, కొత్త పంచెకు తుడిచి, మళ్లీ పెట్టాను. పంచె అప్పటికి దేశపటంలా తయారైంది. పెళ్లిపిల్ల మేనమామ నుంచి ఫోను.

"ఏడున్నరు అల్లుడు? పంతులు గడియారమే జూస్తుండు."

"దగ్గరికొచ్చినం మామా."

"అవ్" అన్నాడు బావ. "పంచె మీద ఇంకో రెండు మచ్చలు వడితే చేరినట్టే."

చివరి అస్త్రంగా బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెట్టాను, కంప్యూటర్ మొత్తం మర్చిపోతుందని. అది మర్చిపోయింది ఒక్కటే, మేం దొంగలం కాదన్న సంగతి. హారను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

లోపల కూర్చున్న అవ్వ తల బయట పెట్టింది. "బ్యాండు మంచిగనే ఉంది గని, ఒక్కటే పాట కొడ్తుండ్రేంది?" ఆ తర్వాత ముక్కు ఎగబీల్చింది. "గీ వాసనేందిరా? ముందల బంతిపూల కూర వండుతుండ్రా?"

బావ ముందుకెళ్లి దండలు తెంపాడు. కింద ప్లాస్టిక్ పట్టా కమిలి జాలీకి అతుక్కుని ఉంది.

"గిదెవడు చుట్టిండు?"

అక్క నన్ను చూసింది. అవ్వ నన్ను చూసింది.

"పూలు వాడిపోతయని..."

"పూలు వాడలే బామ్మర్ది. గాలాడక ఇంజను వాడింది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువుకు మతితో పాటు కారు వేగమూ పోయింది. పట్టా పీకి, ఇంజను చల్లారేదాకా ఆగి బయల్దేరితే కారు గుర్రంలా ఉరికింది. కాకపోతే పూలు లేవు, ముహూర్తానికి వ్యవధీ లేదు.

హాలు ముందు ఆడపెళ్లివారు ఎదుర్కోలుకు బ్యాండుతో, షర్బత్తుతో నిలబడి ఉన్నారు. సరిగ్గా మా ముందు, నిండా పూలు కట్టిన కారొకటి వచ్చి ఆగింది. పక్క హాలు పెళ్లికొడుకు. మా ఆడపెళ్లివారు నేనే అనుకుని అతణ్ణి చుట్టుముట్టి, దండ వేసి షర్బత్తు పోశారు. దాహం మీదున్నట్టున్నాడు, మారుమాట లేకుండా తాగేశాడు.

నేను దిగి పరుగెత్తాను. నన్నెన్నడూ చూడని పిల్ల బాబాయి ఒకాయన నా పంచె చూసి అడ్డం నిలిచాడు.

"డ్రైవర్లకు టిఫిన్లు ఎనకదిక్కు పెట్టినం తమ్మీ. పెండ్లికొడుకొచ్చిండు, జర జరుగు."

"పెండ్లికొడుకును నేనే."

"పొద్దుగాల్నే తాగినవా?"

నా కేక విని మేనమామ ఉరికొచ్చి గుర్తుపట్టకపోతే, వెనకదిక్కు ఉప్మా తిని ఇంటికి పోవలసినవాణ్ణే. ఆయన నా రెక్క పట్టి లాక్కెళ్లి పీటల మీద కూలేశాడు. ముహూర్తం దాటబోతుండగా జీలకర్ర బెల్లం పడింది. అడ్డుతెర దించారు. పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసి, నాతో జీవితంలో మొదటి మాట మెల్లగా అంది.

"టిఫిన్ తిన్నరా?"

అగ్నిసాక్షిగా అందరూ చేసే ప్రమాణాలకు తోడు, నేను మనసులో ఇంకొకటి చేశాను: నా పెళ్లికి పోయే కారు బానెట్‌ను ఇక జన్మలో ముట్టను. ఈనాటిదాకా ఆ మాట తప్పలేదు.