మామ్మ ఉద్ధరిణిని కొరికిన నీళ్ళు

ఝపటాపూర్‌లో మా డాబా మీద, ప్లాస్టిక్ ట్రేలో నేను చేస్తున్న సర్క్యూట్ బోర్డు మునిగి ఉంది. ఫెర్రిక్ క్లోరైడ్ దాని మీది అక్కర్లేని రాగిని తినేస్తోంది. తుప్పుపట్టిన ఇనుము వానకు తడిసినట్టుండే ఆ వాసన తగిలితే చాలు, చిన్నప్పుడు ‘ట్రాఫిక్’ అనే రైల్వే కాలనీలో మేమున్న క్వార్టరు, వినాయక చవితి ముందురోజు ముసురు, ఆవిరి మీద ఉడికే ఉండ్రాళ్ళు, పాలతాలికల్లో కరిగే బెల్లం, షంటింగ్ ఇంజను కూత, అన్నీ కలగలిసి వచ్చేస్తాయి.

మా అక్క రేడియోలు కట్టేది. ఆడపిల్లకి ఇదేం పిచ్చని కాలనీ నవ్వినా లెక్కచేసేది కాదు. బోర్డు తీశాక ఆ నీళ్ళు పారబొయ్యకుండా, గుడ్డలో వడకట్టి, ఖాళీ ఊరగాయ సీసాలో దాచి, వాటికి రాగిని తినే సత్తువ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ వాడేది. ఆ సీసా వంటింటి గూట్లో పెట్టడమే కొంప ముంచింది. మా మామ్మ పూజసామాను తోమడానికి చింతపండు పులుసు ఉంచుకునే గూడు అదే, రంగూ అదే. మర్నాడు చవితి కదా అని ఆవిడ ఆ నీళ్ళు బేసిన్లో ఒంపి, ఆచమనం చేసే రాగి ఉద్ధరిణి అందులో నానేసి, తాలికలు చెయ్యడానికి కూర్చుంది. సాయంత్రం తీసి చూస్తే ఉద్ధరిణి అంచు ఎవరో కొరికినట్టుంది, ఆవిడ వేళ్ళు పచ్చగా మారాయి.

ఆఫీసు నుంచి తడిసొచ్చిన నాన్న మండిపడ్డారు. "ఏటే ఇది? ఇప్పుడే కాలవలో పారబొయ్యి. లేదంటే రేపట్నుంచి ఈ ఇంట్లో బోర్డూ లేదు, రేడియో లేదు."

"సీసా అక్కడెట్టినాను, తప్పు నాదే. కాలవలో మాత్రం పొయ్యను నాన్నా. ఆ నీళ్ళు బౌదీ బచ్చలిపాదుకే ఎల్తాయి. ఆవిడేటి సేసింది?"

మేం బౌదీ అని పిలిచే పక్క క్వార్టరు బెంగాలీ వదిన కోసిచ్చే ఆ బచ్చలే మా ఇంట్లోనూ కూర.

"ఊరంతా పోసేది కాలవలోనే."

"ఊరంతా పోస్తే నేనూ పొయ్యాలా?"

మా ఇంట్లో నాన్నకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. నాకు మాత్రం లోపల భలే సంబరం. కుళాయి దగ్గర సబ్బుతో వేళ్ళు తోముకుంటున్న మామ్మ తల ఎత్తకుండానే అంది: "పోయింది నా ఉద్ధరిణి గదరా? నాకు లేని ఏడుపు నీకెందుకు? దాని సంగతి దాన్నే సూసుకోనీ."

అక్క గ్లౌజులు తొడుక్కుని, పెరట్లో ప్లాస్టిక్ తొట్టెలో ఆ నీళ్ళలో బట్టల సోడా చిటికెడు చిటికెడుగా వేసింది. బుసబుసా పొంగింది. పొంగు ఆగేదాకా వేసి, అడుగున దిగిన రాగి బురదని నీళ్ళతో సహా సిమెంటులో కలిపేసింది. గట్టిపడ్డ దిమ్మ వసారా మూల పడి ఉండేది. పండగ వెళ్ళాక నాన్నే సైకిల్ షెడ్డులో తాళం వేసే చెక్కపెట్టె ఒకటి బిగించారు, కొత్త సీసా కోసం.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. బౌదీ పాదు లేదు, కాలవ మీద సిమెంటు పలకలు కప్పేశారు. మామ్మ పోయేదాకా ఆ కొరికిన ఉద్ధరిణితోనే తీర్థం ఇచ్చింది. అది ఇప్పుడు నా దగ్గర ఉంది. పని అయిపోయిన నీళ్ళకి నేను సోడా వేస్తుంటే పక్క డాబా ఆయన ప్రతిసారీ నవ్వుతాడు.

"ఎందుకండీ అంత సాదస్తం? ఇక్కడా కాలవ మూసీనారు గదా, పోసీండి, ఎవరు సూస్తారు?"

మూత వేస్తే కాలవ ఎక్కడికీ పోకుండా ఆగిపోతుందా? ఆయనకీ నేను అదే చెబుతాను, అక్క గొంతుతోనే: ఊరంతా పోస్తే నేనూ పొయ్యాలా?