మాట్లాడకూడని ఐదు నిమిషాలు

ఆ వీధిలో ఆయన్ని డాక్టరుగారని ఎదురుగా అంటారు గానీ, వెనకాల అందరూ పిలిచేది "నోర్మూసుకో డాక్టరు" అనే. ఆ పేరు రావడానికి కారణం బీపీ మిషను. బీపీ చూసే ముందు మనిషి ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, కాలుమీద కాలు వేసుకోకూడదు, అరగంట ముందు నుంచీ కాఫీ, సిగరెట్టు ముట్టకూడదు, అన్నిటినీ మించి నోరు విప్పకూడదు. ఇదేమీ ఆయన చాదస్తం కాదు, కుటుంబ వైద్యులందరికీ ఉన్న నియమమే. ఆయన సొంతంగా కనిపెట్టింది ఒక్కటే. పేషెంటు మాట్లాడకూడదని ఉంది గానీ డాక్టరు మాట్లాడకూడదని ఎక్కడా లేదు కదా! అందుకని ఆ ఐదు నిమిషాలూ గుక్క తిప్పుకోకుండా తనే మాట్లాడేవాడు.

ఉప్పు తగ్గించమనేవాడు. తియ్యటి బిస్కెట్లో కూడా ఉప్పు ఎలా దాక్కుంటుందో చెప్పేవాడు. రోజూ అరగంట నడవమని మొదలుపెట్టి, తన చెప్పుల దగ్గరికి వెళ్ళి, ఆ చెప్పులు కరిచిన కథంతా చెప్పేవాడు. వినేవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది, బీపీ కూడా కాస్త పెరిగే ఉంటుంది.

ఒకసారి వీధి చివరి దర్జీ కడుపునొప్పితో వచ్చి, కాంపౌండరు గోడకి అంటించిన "మాట్లాడకూడదు" అనే కాగితం చూశాడు. ఇంకేముంది, ఎక్కడ నొప్పి అంటే వేలు పెట్టి చూపించాడు, ఏం తిన్నావంటే గాల్లో బొమ్మ గీశాడు. డాక్టరు కంగారుపడి, మాటే పోయిందనుకుని, టార్చిలైటు వేసి గొంతంతా గాలించాడు. పెద్దాసుపత్రికి చీటీ రాస్తుండగా దర్జీ గోడకేసి చూపించాడు. అంత బుద్ధిమంతుణ్ణి ఆ క్లినిక్కు మళ్ళీ చూడలేదు.

ఇలా వీధి వీధంతటి బీపీ చూసే ఈ మనిషి తన బీపీ ఎంతో మాత్రం తేలనిచ్చేవాడు కాదు. కాంపౌండరు ఒకసారి పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపించింది. తెల్లకోటు చూడగానే కొందరికి బీపీ పెరుగుతుంది, ఇదీ అదేలే అని కొట్టిపారేశాడు.

"కోటు వేసుకుంది మీరే కదండీ?" అన్నాడు కాంపౌండరు.

"అందుకేనయ్యా. మరీ దగ్గర్నుంచి చూస్తున్నాను."

ఇంట్లో భార్య అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ భయానికి కారణం కూడా ఉంది. నిరుడు ఆయన అన్నగారు బీపీ మాత్రలు మానేసి, పక్షవాతం వచ్చి పడిపోయారు. తమ్ముడికి కబుర్లు నేర్పిన మహానుభావుడాయన. ఇప్పుడు ఆయన నోటివెంట వచ్చేది ఒక్కటే మాట, "అది". అన్నగారు పడిపోయినప్పట్నుంచీ డాక్టరు వాగుడు రెట్టింపైంది.

భార్య ఓ బీపీ మిషను కొనుక్కొచ్చి పొద్దున్నే పట్టీ చుట్టేది. పట్టీ బిగుసుకోవడం ఆలస్యం, ఆయన కబుర్లు మొదలుపెట్టేవాడు. అంకె ఎక్కువ వచ్చేది.

"మాట్లాడాను కదే, మాట్లాడితే పెరుగుతుంది. ఇది లెక్కలోకి రాదు" అనేవాడు. మర్నాడు మళ్ళీ అదే తంతు. లెక్కలోకి రాని అంకెలు చూసీ చూసీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ ఆయన నుదుటిమీద చెయ్యి వేసి, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందేమిటంది. జ్వరమనగానే ఆయన, పేషెంట్లందరికీ చెప్పినట్టే, బుద్ధిగా థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని పెదాలు మూశాడు. ఆవిడ చప్పున జబ్బకి పట్టీ చుట్టేసింది. ఆయన కళ్ళు పెద్దవి చేశాడు గానీ, నోట్లో గాజు గొట్టం పెట్టుకుని మాట్లాడకూడదని ఇరవై ఏళ్ళుగా అందరినీ కసిరింది తనే. ఎరక్కపోయి ఇరుక్కున్నాడు.

ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో మాట్లాడే వంతు ఆవిడకి రావడం అదే మొదలు.

"బావగారు అన్నిటికీ 'అది' అంటారు" అంది. "మంచినీళ్ళా, దుప్పటా, నొప్పా తెలీక అక్కయ్య ఇల్లంతా వెతుక్కుంటుంది. మీ మాటలు ఎప్పుడాగుతాయా అని ఇన్నేళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు నిజంగా ఆగిపోతాయేమోనని నాకు నిద్ర పట్టట్లేదండీ. మీరు మాట్లాడేది కబుర్లుండి కాదు. ఆ అంకె చూసే ధైర్యం లేక."

ఆవిడ గడియారంలో ఐదు నిమిషాలు నిండాయని చూసుకుని మీట నొక్కింది. పట్టీ బిగిసి, వదిలింది. నూట డెబ్భై రెండు, కింద నూట నాలుగు. థర్మామీటరు తీసి చూస్తే జ్వరం లేదు.

"ఇది లెక్కలోకి వస్తుందా?" అంది.

ఆయన కోటుకోసం చూశాడు. కోటు క్లినిక్కులో ఉంది, తను బనీనుమీద ఉన్నాడు.

"వస్తుందే" అన్నాడు. ఇంకాసేపటికి, "భయమేసిందే" అన్నాడు.

తనకి తానే వైద్యం చేసుకోకూడదు కాబట్టి మర్నాడు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి, క్యూలో కూర్చుని, పరీక్షలు చేయించుకుని మాత్రలు తెచ్చుకున్నాడు. కూరలో ఉప్పు తగ్గింది. ఉప్పు గురించి అంతకాలం ఉపన్యాసాలిచ్చిన మనిషి ఆ కూర నోట్లో పెట్టుకుని, పేషెంట్లు ఎందుకలా మొహం చిట్లించేవాళ్ళో తెలుసుకున్నాడు.

క్లినిక్కులో కూడా బుద్ధి తెచ్చుకుని, బీపీ చూసేటప్పుడు తనూ మౌనం పాటించడం మొదలుపెట్టాడు. దాంతో కొంప మునిగింది. డాక్టరు నోరు విప్పలేదంటే తనకేదో పెద్ద రోగమే వచ్చి ఉంటుందని ఒక్కొక్క పేషెంటూ బెంబేలెత్తిపోయాడు. అందరి అంకెలూ చుక్కలనంటాయి. చివరికి కాంపౌండరే చేతులు జోడించి, ముందు కాసేపు మాట్లాడి, మీరేం భయపడక్కర్లేదని చెప్పి, అప్పుడు మౌనం పట్టమన్నాడు.

ఇంట్లో మాత్రం థర్మామీటరు అక్కర్లేకుండానే రోజూ ఐదు నిమిషాలు జరుగుతున్నాయి. ఆయన నోరు మూసుకుని కూర్చుంటాడు. ఆవిడ స్కూలు సంగతులు, మోకాలి నొప్పి, పాతికేళ్ళ కిందటి ఒక అలక, అన్నీ చెప్పుకుంటూ వస్తుంది. అలా కూర్చుంటేనే ఆయనకి ఆవిడ మోకాలి సంగతి తెలిసింది. ఆవిడ చెప్పడమంతా అయ్యాక, ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా ఉండి మీట నొక్కుతారు.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున అంకె నూట ఇరవై ఎనిమిది చూపించింది. ఆయన సంబరపడి పట్టీ విప్పబోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"రెండుసార్లు చూడాలని మీరే కదా చెబుతారు" అంది. "కూర్చోండి. నేను చెప్పడం ఇంకా అవలేదు."