ఓడకు ముందు మూడు రోజుల మద్రాసు

పెండ్లయిన కొత్తలోనే మా ఆయన అండమాన్ పోయి, అక్కడి సర్కారు కట్టడాల ఆఫీసులో ఓవర్సీరుగా చేరాడు. ఆరు నెలలకు క్వార్టరు దొరికిందనీ నన్ను పంపమనీ మా బాపుకు ఉత్తరం రాశాడు. ఓడ మద్రాసు నుంచి బయల్దేరుతుంది, మూడు రోజుల ముందే అక్కడికి చేరుకోవాలి అన్నాడు. ఓడ ఆఫీసుకు పోయి టికెట్టు మీద ముద్ర వేయించుకోవాలట, దవాఖానలో సూది వేయించుకోవాలట, పైగా ఓడ ఒక్కోసారి చెప్పిన తేదీకంటే ముందే కదులుతుందట. ఈ ఓడ తప్పితే మళ్లీ ఎన్నడో తెలియదని కింద గీత కొట్టి మరీ రాశాడు. ఇంట్లో అందరికీ ఓడ బుగులు పట్టుకుంటే, నా కన్ను మాత్రం ఆ మూడు రోజుల మీద పడింది. మద్రాసులో మూడు రోజులు! ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మాది మానుకోటకు నాలుగు మైళ్ల దూరంలో సేద్యం చేసుకునే ఇల్లు. రైలు స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఉండేది గాని మేమెవరం ఆ మాట అనేవాళ్లం కాదు. అరవై తొమ్మిది గొడవల్లో బడి మూతపడి నాకు ఒక ఏడు చదువు పోయింది. ఆ ఏడంతా పాత అట్లాసు ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. అందుకే అండమాన్ ఎక్కడుందో నాకు తెలుసు. మా వాళ్లకు తెలిసిందల్లా అక్కడ జైలుందని. పక్కింటివాళ్లు నన్ను చూసి అయ్యో అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నేనేం తప్పు చేశానని?

మా బాపు ఎరిగినవాళ్లను అడగనిదే ఏ పనీ మొదలుపెట్టడు. మద్రాసు చూసినవాళ్ల కోసం మానుకోటంతా గాలిస్తే ముగ్గురు దొరికారు. ఒకరు మిరపకాయల వ్యాపారి. ఇంకొకరు పింఛను పుచ్చుకున్న రైల్వే గార్డు. మూడో మనిషి కంటి ఆపరేషన్ చేయించుకొచ్చిన ఒక ముసలమ్మ. ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచి, చాయ పోసి, అరుగు మీద కూర్చోబెట్టి అడగడం. నేను నోటుబుక్కు వెనక అట్ట మీద పటం గీయడం. వ్యాపారి చెప్పిన మద్రాసులో దారులన్నీ మిరపకాయల మండీకే పోయాయి. గార్డుకు స్టేషను లోపల ఏ నల్లాలో ఏ వేళకు నీళ్లు వస్తాయో కూడా తెలుసు, గేటు బయట ఏముందో మాత్రం ఎరగడు. ముసలమ్మ కళ్లకు కట్టు కట్టుకుని పడుకున్న మద్రాసంతా కాకుల అరుపులూ నర్సుల చెప్పుల చప్పుడూ. నా పటంలో ఒక మూల మండీ, ఒక మూల స్టేషను, ఒక మూల దవాఖాన, నడుమ అంతా తెల్ల అట్ట. సముద్రం ఏ పక్కన గీయాలో ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. అట్లాసు చూసి తూర్పున గీశాను.

ఆ ఖాళీని నేనే బొమ్మలు గీసి నింపుకున్నాను. మొదటి రోజు ముద్ర, సాయంత్రం సముద్రం. రెండో రోజు సూది, ఆ తర్వాత జంతువుల తోట. మూడో రోజు లిఫ్టు ఉన్న దుకాణం ఏదైనా సరే, ఎక్కి దిగాలి. స్టేషనుకు దగ్గర్లో మూడు రోజులు ఉచితంగా ఉండనిచ్చే సత్రం ఉందని వ్యాపారి చెప్పాడు గనక బస గురించి చింత లేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ, చాయ గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చి ప్రతివాళ్లనూ ఒక్క మాట అడిగేది. అన్ని మైళ్ల సముద్రంలో ఓడ నడిపెటోనికి తొవ్వ ఎట్ల తెలుస్తదని గార్డును అడిగింది. ఓడల అంతమందికి వండిన పొగ ఎటు పోతదని వ్యాపారిని అడిగింది. నా మీద బెంగతో అడుగుతోందనుకునేదాన్ని. అవ్వ ఓరుగల్లు దాటి ఎరగదు. మా ఆయనకు సెలవు దొరికేది రెండేళ్లకొకసారి. నేను అన్ని రోజుల నీళ్ల అవతలకు పోతుంటే, నన్ను కన్న మనిషి కనీసం ఆ నీళ్ల దాకా రావద్దా? అవ్వ కూడా మద్రాసు రావాలని బాపుతో అన్నాను. బర్రెలను ఎవరు పిండుతారని ఆయన అడిగాడు. పెట్టెలు మోయడానికి మా చిన్నాయన వస్తాడని ముందే తేలిపోయింది, ఆయన కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నాడు. ఆ రోజు కోపంతో నేను అన్నం ముట్టలేదు. అవ్వ జొన్న రొట్టె కొడుతూనే ఉంది.

రైలెక్కాల్సింది గురువారం. గురువారం దక్షిణానికి వారశూల. అంటే ఆ రోజు ఆ దిక్కుకు అడుగు పెట్టొద్దు. దానికి మా దగ్గర విరుగుడు ఉంది, పరస్తానం. మంచి ఘడియలో మన బట్ట ఒకటి, బియ్యం, పసుపు మూటగట్టి, పోయే దిక్కున ఉన్న ఒక ఇంట్లో పెడితే ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు. తర్వాత వీలున్న రోజున ఆ మూట తీసుకుని పోవచ్చు. ఒకటే నియమం, పెట్టిన మూట మళ్లీ ఇంటి గడప లోపలికి రాకూడదు. పంచాంగం చూసే అయ్యగారు సోమవారం పొద్దున ఘడియ పెట్టాడు. ఊరికి దక్షిణాన మా మేనత్త ఇల్లు. ఘడియ మించిపోతోందని బాపు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, నేను సందూక పెట్టెలో చెయ్యి పెట్టి చేతికందిన చీర మూటలో కట్టి ఇచ్చాను.

బుధవారం మేనత్త మూటకు పసుపు తక్కువైందని విప్పి చూసి, పరుగున వచ్చింది. అందులో ఉన్నది నా చీర కాదు, అవ్వది. నా పెండ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఒకరి చీరలు ఒకరం కట్టుకుంటున్నాం, కలిసిపోయాయి. ఇది నిజంగా పొరపాటు. చిన్నాయన మాత్రం నేను కావాలని చేశానన్నాడు, ఈ రోజుకీ నమ్మడు.

ఇంటిల్లిపాదీ పరేషాన్. నా ప్రయాణం మొదలే కాలేదు. రేపు శూలలో పోవాలి, లేదా మళ్లీ ఘడియ చూసుకోవాలి. ఆ ఘడియ పదకొండు రోజులకు గాని లేదు, అప్పటికి ఓడ ఉండదు. బాపు అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు, వెనకాల నేనూ. అయ్యగారు పంచాంగం మూసి, మా బాపు ముఖం చూసి చెప్పాడు:

"బట్ట కదిలింది. అది కట్టుకునే మనిషి కదలాలె. తల్లి ముందు పోతది, బిడ్డ తల్లెంట పోతది. బిడ్డకు శూల లేదు."

ఇంటికొచ్చి, బర్రెలను మేనత్త పిండుతుందని బాపే అన్నాడు. తన టికెట్టు అవ్వకు పోయిందని చిన్నాయన కొత్త చెప్పులు తీసి మూలకు విసిరాడు. నేను పెరట్లోకి పోయి నవ్వాను, తర్వాత ఏడ్చాను కూడా. అవ్వ వస్తుంది, నాకు అంతే చాలు.

మద్రాసులో మొదటి రోజే ముద్రా సూదీ రెండూ అయిపోయాయి, సాయంత్రానికి నా భుజం వాచి జ్వరం పట్టింది. అంత పటం గీసుకున్నదాన్ని, రెండు రోజులు సత్రం చాప మీద పడి ఉన్నాను. ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. నేను నిద్రపోతున్నప్పుడు అవ్వ నా అట్ట పటం చేతిలో పట్టుకుని బాపును తిప్పింది. చదవడం రాదు, దారి అడగడానికి అరవం రాదు. అయినా దారిన పోయేవాళ్లకు నా బొమ్మలు చూపిస్తూ సముద్రం చూసింది, పులిని చూసింది, లిఫ్టు మూడుసార్లు ఎక్కింది. బాపు మెట్ల మీదుగా వచ్చాడట. సాయంత్రాలు నా తల తడిమి, గంజి తాగించి, చూసినవన్నీ ఒక్కటి విడవకుండా చెప్పింది.

నాలుగో రోజు జ్వరం దిగింది, పొద్దున్నే రేవుకు పోయాం. ఓడ మేడలా నిలబడి ఉంది. బాపు పెట్టెల దగ్గర నిలబడి కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అవ్వ తల వెనక్కి వాల్చి ఓడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తోంది, లంగరు గొలుసు దగ్గరికి పోయి చేత్తో పట్టి చూసింది. కూలివాళ్లు తప్పుకోమన్నా కదల్లేదు. ఎక్కమని పిలుపు వచ్చింది. నాకు దుఃఖం ఆగలేదు. నాకోసం ఇంత దూరం వచ్చావా అవ్వా, ఇన్ని కష్టాలు పడ్డావా అని ఆమెను పట్టుకున్నాను.

అవ్వ నా కళ్లు తుడిచి, బాపుకు వినపడకుండా మెల్లగా అంది:

"నీకోసం బాపు వచ్చిండు బిడ్డా. నేను సూడనీకి వచ్చిన."

నాకు చురుక్కుమంది. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, ఈ మనిషికి ఏం కావాలో ఒక్కసారీ అడగలేదు నేను. ఏదో అనబోయాను గాని అప్పటికే వెనక జనం తోస్తున్నారు. నిచ్చెన ఎక్కి పైనుంచి చూస్తే, బాపు చెయ్యి ఊపుతున్నాడు. అవ్వ మాత్రం రేవు అంచుకు నడిచి, వంగి, ఓడ కింద నీళ్లు ఎంత లోతున్నాయో చూస్తోంది.