పై ఇంటికి పదికి పది

విశాఖపట్నంలో ఇల్లు ఎంచుకోవడంలో నాకు పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. ఒప్పందం గడువు తీరకుండా ఖాళీ చేసినందుకు అడ్వాన్సులో కోసుకున్నది తొమ్మిది వేలు. సామాను పైకి మోసిన కూలీలకు పద్దెనిమిది వందలు. అదే సామాను కిందికి దింపినందుకు మళ్ళీ పద్దెనిమిది వందలు. దిగడం సులువే కదా అని బేరమాడితే, మోకాళ్ళకు దిగడమే కష్టమని నాకు వైద్యశాస్త్రం బోధించారు. చెప్పులు నాలుగు జతలు, వెయ్యి. ఊరినుంచి తెచ్చుకున్న నాటుకోడిపెట్ట ఒకటి, ఆరు వందలు. అది మూడో రోజే మా పిట్టగోడ ఎక్కి, కింది వరుస రేకుల మీదికి ఎగిరి, ఎవరింట్లోనో కూరగా స్థిరపడింది. మొత్తం పద్నాలుగు వేల రెండు వందలు. డబ్బులోకి మార్చలేనివి వేరే ఉన్నాయి. నా ఒంటి బరువు ఐదు కిలోలు, సొట్టలు పడిన బిందెలు రెండు, బావమరిది దగ్గర నాకున్న గౌరవం. ఆఖరిది పెద్ద మొత్తమేమీ కాదు. ఉన్నదంతా పోయింది కాబట్టి రాశాను.

మాది డుంబ్రిగుడ దాటాక ఒక కొండ ఊరు. నా చదువు ఏడో తరగతి. లెక్క మాత్రం సంతలో నేర్చుకున్నాను. చింతపండు, పసుపు అమ్ముకునే మావాళ్ళ దగ్గర తూకంలో ఎంత పోతోందో చూసి చూసి, కాటా ముల్లుకన్నా ముందే బరువు చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఆ పేరు విని నగరంలో ఒక కాఫీ వ్యాపారి తన గోదాములో బస్తాల లెక్క రాయడానికి రమ్మన్నాడు. అదే ఏడు మా అమ్మాయికి అక్కడే నర్సింగులో సీటు వచ్చింది. నేనొక గదిలో, అమ్మాయి హాస్టల్లో, నా భార్య ఊళ్ళో ఉంటే మూడు పొయ్యిలు. ముగ్గురం ఒక ఇంట్లో ఉంటే ఒకటే పొయ్యి. మూడులోంచి రెండు తీసేసి చూపించాను.

నా భార్య చెరుగుతున్న చేట దించి అంతా విన్నది.

"అయిపోనాదా నీ లెక్క?"

"అయింది."

"అయితే నాదొక్కటి రాసుకో. నాను ఎక్కడికైనా వత్తాను గాని బిందె మాత్రం నెత్తినెట్టను. మళ్ళీ బిందె మొయ్యాల్సొత్తే, ఆ రోజే రైలెక్కి వచ్చెత్తాను."

ఆమె మాట వెనక పద్దెనిమిదేళ్ళున్నాయి. పెళ్ళయిన రోజునుంచి అడుగున పారే గెడ్డవాగుకు దిగి, నిండు బిందెతో మళ్ళీ ఊరెక్కింది. తరవాత కొండమీది ఊట దగ్గర తొట్టి కట్టి, పైపులు దింపారు. మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్ళు వాటంతట అవే దిగి వస్తాయి. మా ఇల్లు ఊళ్ళో అన్నిటికన్నా పైన. అందుకని మొదటి ధార మాదే, మిగిలినవి కిందివాళ్ళవి. వాళ్ళు తిట్టేవారు, మేము వినేవాళ్ళం కాదు. ఆరేళ్ళు ఆమె మెడకు విశ్రాంతి దొరికింది. సరే, బిందె ఎత్తనక్కర్లేదని మాటిచ్చాను. నాలాంటి లెక్కలమనిషి మాటకు విలువ ఎక్కువని ఆమె కూడా నమ్మింది.

ఇల్లు వెతకడానికి మూడు ఆదివారాలు పెట్టుకున్నాను. తొమ్మిది ఇళ్ళు, పది గడులు, గడికి పది మార్కులు. అద్దె, గోదాముకు దూరం, కాలేజీకి దూరం, బస్సులు, బజారు, ఆసుపత్రి, చప్పుడు, దోమలు, ఇంటివాళ్ళు, నీళ్ళు. ఏదీ నోటిమాట మీద వెయ్యలేదు. "నడిచేంత దూరమేనండి, ఐదు నిమిషాలు" అన్నచోట గడియారం పెట్టి కొండకాళ్ళతో నడిస్తే పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ప్రతి అరుగు మీదా పది నిమిషాలు కూర్చుని ఎన్ని దోమలు కుట్టాయో గీతలు గీసుకున్నాను. సముద్రం కనిపిస్తుందని చెప్పిన ఇంట్లో నిజంగానే కనిపించింది. మరుగుదొడ్డిలో బకెట్టు బోర్లించి ఎక్కి, కిటికీలోంచి మెడ బయటపెడితే చాలు. ఇక మాది అరకు వైపని తెలియగానే ప్రతి ఇంటివాడూ ఒకటే అడిగాడు, వెదురుబొంగులో కోడి వండుతారా అని. మేము గిన్నెలోనే వండుకుంటామంటే కొందరు నిరాశపడ్డారు, కొందరు అద్దె పెంచారు.

నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. తన సందులోనే ఒక వాటా ఖాళీగా ఉందన్నాడు. చూశాను. పల్లపు నేల, మురుగుకాలవ పక్కన. పది నిమిషాల్లో పద్నాలుగు దోమకాట్లు. నీళ్ళ గడిలో రెండు మార్కులు వేశాను. అంత కింద ఉన్నవాడికి పైవాళ్ళందరూ వాడుకోగా మిగిలేది ఎంత?

తరవాత ఒక కొండవాలు పేటకు వెళ్ళాను. నూట అరవై ఎనిమిది మెట్లెక్కితే అన్నిటికన్నా పైన ఒక రెండు గదుల ఇల్లు. దాని పైన కొండే, ఇక ఇల్లు లేదు. అద్దె నాలుగున్నర వేలు, కింద అదే ఇంటికి ఎనిమిది వేలు. దోమకాట్లు సున్నా. పట్నంవాళ్ళకు మెట్లెక్కే ఓపిక లేక, మొదటి నీళ్ళు వచ్చే ఇంటిని ఇంత చవగ్గా వదిలేసుకున్నారని వాళ్ళమీద జాలిపడ్డాను. నీళ్ళ గడిలో పదికి పది వేశాను.

ఇంటావిడ ఇరవయ్యో మెట్టు దగ్గర ఉంటుంది. తాళం తీస్తూ, "బాబూ, నీల్ల సంగతి ఒకటి సెప్పాలండి..." అని మొదలుపెట్టింది.

"తెలుసండి," అన్నాను.

"తెలుసా? తెలిసే తీసుకుంటన్నారా?"

"కొండమీద పుట్టినవాళ్ళమండి. మాకు తెలియదా?"

ఆవిడ నన్ను కొంచెం గౌరవంగా చూసింది. అది గౌరవమేనని ఆ రోజు అనుకున్నాను.

పై ఇంటికి మొత్తం ఎనభై ఒకటి, బావమరిది సందులో ఇంటికి డెబ్బై నాలుగు. పుస్తకం చూపిస్తే వాడు చదవకుండానే తల పట్టుకున్నాడు.

"బావా, ఈ ఊళ్ళో జనమంతా పైనించి కిందికి దిగాలని సూత్తంటే నువ్వు పైకెల్తానంటావేటి? నా మాటిను."

"నువ్వు ఎన్ని ఇళ్ళు చూసి చెబుతున్నావురా?"

"నాను సూసేదేటి? రోజూ ఆ మెట్ల కాడ ఆడోల్లని దింపుతన్నాను కాదేటి. ఒకరి మొగమైనా నవ్వుతా ఉంటాదేమో సూడు."

ముఖాలకు నా పట్టికలో గడి లేదు. మూడు నెలల అద్దె, పదమూడున్నర వేలు, అడ్వాన్సు కట్టాను. పదకొండు నెలలు ఉండాలి, ముందే వెళితే రెండు నెలల అద్దె పోతుంది. ముందే ఎందుకు వెళతామని సంతకం పెట్టాను.

జూన్ ఆఖరులో దిగాం. మర్నాడు పొద్దున్నే నా భార్య వంటగది కుళాయి తిప్పింది. కుళాయి పెద్దగా ఊపిరి పీల్చుకుంది, రెండుసార్లు దగ్గింది, ఊరుకుంది. కాసేపు ఆగితే వస్తాయన్నాను. ఆగింది. పక్క గదిలో ఒక్కర్తే ఉండే ముసలమ్మ గడపలోంచి చూస్తూ అంది: "ఓలమ్మా, దానికాడ నిలబడ్డావేటి? అది ఇంటికి అందంగా ఉంటాదని ఎట్టినారు. నీల్లు అరవై రెండో మెట్టు కాడే. బేగి ఎల్లు, ఆరింటికి వచ్చి ఆరు నలభైకి కట్టేత్తారు."

అమ్మాయి బయటికొచ్చి, కింద దూరంగా కనిపిస్తున్న సిమెంటు ట్యాంకు చూపించింది. "నాన్నా, ఇక్కడ నీళ్ళు కొండ మీంచి రావు. ఆ ట్యాంకులోంచి పైకెక్కాలి. ట్యాంకే మన ఇంటికన్నా కింద ఉంది."

ఇంత చిన్న వాక్యానికి మూడు ఆదివారాలు, ఒక వంద పేజీల పుస్తకం ఖర్చయ్యాయి. తరవాత కూర్చుని ఆ ఒక్క గడి దిద్ది చూశాను. ఆ పది ఇటూ ఈ రెండు అటూ మారిస్తే, పై ఇంటికి డెబ్బై మూడు, బావమరిది సందుకు ఎనభై రెండు. కూడికలో ఎక్కడా తప్పు లేదు, అదొక తృప్తి.

ఇంటావిడను నిలదీశాను. "సెప్పబోతే తెలుసన్నది మీరే కదండీ," అంది. అదీ నిజమే.

గోదాములో లారీలు ఆరింటికే వస్తాయి, నేను ఐదున్నరకు బయల్దేరాలి. అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీ. ఆదివారం నా వంతు, మిగతా ఆరు రోజులూ బిందె నా భార్య నెత్తికెక్కింది. రోజుకు ఆరు బిందెలు, బిందెకు నూట ఆరు మెట్లు. ఆమె రైలెక్కలేదు. అమ్మాయి చదువు మొదలై వారం కాలేదని ఆగింది. నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ఎన్ని తిట్లో లెక్కపెట్టుకునేవాణ్ణి.

కుళాయి దగ్గర ఆమె నా పరువు ఎలా నిలబెడుతోందో ఒక ఆదివారం నాకే వినిపించింది. నేను బిందె వరసలో పెట్టి గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె ఖాళీ డబ్బా ఇవ్వడానికి వచ్చింది.

"ఏటప్పా, అంత పైన ఎందుకు తీసుకున్నారు?" అని వరసలో ఒకామె అడిగింది.

"మాయన లెక్క కట్టి తీసుకున్నాడు."

"ఏటి సదువుకున్నాడేటి?"

"ఏడు."

"పోనీ, పది సదివుంటే ఆ కొండ కొసకి ఎక్కించేసును!"

కుళాయి చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆ ఊరొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు కాబట్టి నేను గోడ పక్కనే ఉండిపోయాను.

డిసెంబరులో కాఫీ పళ్ళు కోతకు వచ్చాయి. మాకున్న అరెకరం కోయించి వస్తానని ఊరెళ్ళింది. వారం దాటినా తిరిగొచ్చే మాట ఎత్తలేదు. ఫోను చేస్తే, "ఇక్కడ కుళాయి తిప్పితే నీల్లొత్తన్నాయి," అని మాత్రం అంది. ఆ పది రోజులూ బిందె నేనే మోసి గోదాముకు ఆలస్యంగా వెళ్ళి తిట్లు తిన్నాను. ఆదివారపు బిందెలో బరువు తెలియదు, సోమవారం నుంచి శనివారం దాకా వరసగా మోస్తే తెలుస్తుంది. మెట్టుకు అరడుగు చొప్పున ఆమె ఎక్కిన ఎత్తంతా కూడి చూశాను. సముద్రం ఒడ్డునుంచి మా గాలికొండ ఎత్తుకు పదిసార్లు ఎక్కినంత వచ్చింది. ఇంకోసారి కూడి చూశాను. తగ్గలేదు.

మళ్ళీ ఫోను చేశాను. ఇల్లు మారదాం, తమ్ముడి సందులో వాటా ఇంకా ఖాళీగానే ఉందన్నాను.

"మారితే మారు. మరి నాను మోసినవి?"

"బిందెకు పది రూపాయలు తీసుకుని మోసేవాళ్ళున్నారు అక్కడ. ఆ రేటున కట్టి..."

"సిగ్గునేదా నీకు? బదులుకి డబ్బులిత్తారేటి ఎక్కడైనా?"

అప్పుడుగాని నాకు తెలియలేదు, ఆమె ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఏ ఖాతాలో రాసుకుంటోందో. మా కొండల్లో బదులు పని అని ఒకటుంది. నా చేనులో నువ్వు మూడు రోజులు కలుపు తీస్తే, నీ చేనులో నేను మూడు రోజులు తియ్యాలి. దానికి వడ్డీ లేదు, రాయితీ లేదు, మాఫీ లేదు. పైసలు చూపిస్తే అవమానించినట్టు. పనికి పనే తీరుస్తుంది.

"ఎన్నున్నాయో రాసుకో. బిందెకు బిందె, ఆ కుళాయి కాడినించి ఆ పైకే. ఒప్పుకుంటే వత్తాను, లేకపోతే మన గుంట కాలేజీ సెలవలకి ఇక్కడికే వత్తాది."

ఒప్పుకున్నాను, ఆమె తిరిగొచ్చింది. జనవరి ఆఖరుకు తొమ్మిది వేలూ వదులుకుని బావమరిది సందుకు దిగాం. వాడు దోమలబత్తి పెట్టె ఒకటి కానుకగా ఇచ్చాడు. కొత్త వంటగదిలో నా భార్య కుళాయి తిప్పింది. ధార వచ్చి గిన్నె నిండి పొర్లింది. ఆమె కట్టకుండా కాసేపు అలాగే చూస్తూ ఉంది. జీవితంలో నేను లెక్కపెట్టని నీళ్ళు అవే.

ఇప్పుడు మాకు నీళ్ళు మొయ్యాల్సిన అవసరం లేదు. అయినా ఆదివారం ఆదివారం పాత పేటకు వెళ్ళి, అరవై రెండో మెట్టు దగ్గర వరసలో నిలబడి, ఆరు బిందెలు పైకి మోస్తాను. ఆ నీళ్ళు పైనున్న ముసలమ్మకు. మోత నా భార్య ఖాతాకు జమ. ముసలమ్మ ఊరికే తాగే మనిషి కాదు. బిందె దించగానే వేలు ముంచి చూసి, అంచుకు నాలుగు వేళ్ళు తగ్గితే, "ఇది సెల్లదు నాయనా, మెట్లకి పోసి తెచ్చినావు," అని వెంటనే నా భార్యకు ఫోను చేస్తుంది. ఇంత నిక్కచ్చి మనిషి గోదాములో ఉంటే నా ఉద్యోగం పోయేది.

ఏడు నెలల్లో ఆదివారాలు తీసేస్తే నూట ఎనభై రెండు రోజులు. ఆమె ఊళ్ళో ఉన్న పది, నీళ్ళు రాని పది తీసేస్తే నూట అరవై రెండు. ఆరు చొప్పున తొమ్మిది వందల డెబ్బై రెండు బిందెలు. ఇప్పటికి డెబ్బై ఒక్క ఆదివారాలు మోశాను, నాలుగు వందల ఇరవై ఆరు. అందులో ముసలమ్మ చెల్లదన్నవి ఏడు.

ఇంకా ఐదు వందల యాభై మూడు.