తమ్ముడి ఇంట్లో రెండో విస్తరి

ఈ రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో, చనిపోయిన నా తమ్ముడి ఇంట్లో జొన్న సంగటి తిన్నాను. పన్నెండేళ్ల కింద వాడు నా వియ్యంకుడి ముందు వరి అన్నం వండించకుండా సంగటి పెట్టి నన్ను తక్కువ చేశాడని, అదే ఇంట్లో విస్తరి ముందు నుంచి లేచిపోయాను. వాడి చావుకు కూడా వెళ్లలేదు.

ఇప్పుడు నాకు చక్కెర జబ్బు. నంద్యాల డాక్టరు వరి అన్నం మానేసి సంగటి తినమన్నాడు. మా కోడళ్లకు సంగటి కెలకడం రాదు, వచ్చింది మరదలికే. పళ్లు కొరుక్కుంటూ బస్సెక్కాను. తప్పు వాడిదేనని మరదలి ముందు ఒక్కసారైనా అనాలని కూడా ఉంది.

మరదలు సుబ్బమ్మ గోడవార రెండు విస్తళ్లు వేసి, రెండింటిలోనూ సంగటి ముద్ద, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

“నువ్వూ కూర్చుంటావామ్మా?” అన్నాను.

“నాకు కాదు బావా. నువ్వు లేసిపోయిన కాడ్నుంచి ఆయన దినామూ పక్కన నీకొక విస్తరి ఏపిచ్చేటోడు. మాయన్న ఎప్పుడన్నా వస్తాడనేటోడు. ఈపొద్దు నువ్వొచ్చినావు, ఆయనకేసినా. సల్లారిపోతాంది, తిను.”

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, దయ్యాలను నమ్మను. అయినా ముద్ద విరిచిన ప్రతిసారీ పక్కకు చూశాను. అనాలనుకున్న మాట అనలేదు. తినడం అయిపోయాక కూడా, వాడికంటే ముందు లేవడానికి ధైర్యం చాలక అలాగే కూర్చున్నాను.

మీలో ఎవరైనా ఇలా లేచిపోయినవాళ్లుంటే, ఎంతసేపు కూర్చుంటే సరిపోతుందో నాకు చెప్పండి.