బొమ్మకు అత్త లేదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా నర్సింగ్ కాలేజీకి వచ్చే ప్రతి బ్యాచ్ పిల్లలూ పై బ్యాచ్ వాళ్ల దగ్గర ముందే విని వస్తారు. నిజమే. కరీంనగర్‌లో ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, తగ్గించుకుందామని చాలాసార్లు అనుకున్నాను, కుదరలేదు. అయితే ఆ కోపం మనుషుల మీదే గానీ యంత్రాల మీద కాదు. మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మేం సాంచ అనే అంటాం. ఆ చప్పుడులోనే తిన్నాం, చదువుకున్నాం, నిద్రపోయాం. చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాళ్లం. సాంచ బాగానే తిరుగుతున్నా బాపు మాత్రం మధ్యమధ్యలో వెళ్లి నేసిన బట్టను చేత్తో తడిమి చూసి వచ్చేవాడు.

అందుకే కాలేజీకి స్మార్ట్ బోర్డు వచ్చినప్పుడు నేను బెదరలేదు. నా వయసు టీచర్లు కొందరు దాని దగ్గరికి కరెంటు తీగ దగ్గరికి పోయినట్టు పోయేవాళ్లు. నేను మొదటి రోజే వేలితో గీసి, చెరిపి, వీడియోలు పెట్టి చూపించాను. కాకపోతే దాని మీద నా రాత కోడి కెలికినట్టు ఉండేది. "మేడమ్, గది తెలుగా, ఇంగ్లీషా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటే నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత బొమ్మ వచ్చింది. నిలువెత్తు ఆడమనిషి బొమ్మ. ఊపిరి తీస్తుంది, నాడి కొట్టుకుంటుంది, బిడ్డను కంటుంది. ట్యాబ్‌లో ఒకచోట నొక్కితే కాళ్ల మధ్య నుంచి ఎర్రనీళ్లు ధారగా కారతాయి. వెంటనే పక్కనున్న తెర గీ గీమని అరుస్తుంది. పిల్లలు పోటీలు పడి నేర్చుకున్నారు. అందరికంటే ముందు బెల్లంపల్లి పిల్ల. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తెర అరవడం ఆలస్యం, ఆ పిల్ల చేతులు చకచకా ఆడేవి. కాలేజీ చూడటానికి ఎవరొచ్చినా మా ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పిల్లనే పిలిచి చేయించేది. చూసి నేనూ మురిసిపోయేదాన్ని, దాచడమెందుకు. అయినా ప్రతి క్లాసులో ఒక మాట చెప్పేదాన్ని: ముందు చెయ్యి, తర్వాత కన్ను, ఆ తర్వాతే తెర. తెర మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. పిల్లలు తలలూపి ఆ మాట రాసుకునేవాళ్లు, మళ్లీ తెర వైపే తిరిగేవాళ్లు.

ఆ ఏడాది వాళ్లను ఆదిలాబాద్ వైపు ఒక ఆసుపత్రికి ప్రాక్టికల్స్‌కు తీసుకెళ్లాను. బాలింతల వార్డులో బెల్లంపల్లి పిల్లకు ఒక మంచం అప్పగించాను. పొద్దున్నే మొదటి కాన్పయిన అమ్మాయి, బోథ్ దగ్గరి పల్లె. మొగుడు దుబాయిలో ఉన్నాడు. తోడు అత్త ఒక్కతే ఉంది. పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

మధ్యాహ్నం నేను రౌండుకు వచ్చేసరికి ఆ పిల్ల ధైర్యంగా చెప్పింది. "మంచిగనే ఉంది మేడమ్. బీపీ సరిగ్గనే ఉంది. నాడి జర పెరిగింది గని, అలిసిపోయింది గదా. వచ్చినప్పుడల్లా బట్ట చూస్తున్న. సాఫ్ ఉంది."

బాలింత పెదవులు సున్నం పూసినట్టున్నాయి. "అత్తమ్మా, ఇన్ని నీళ్లు" అంది. ఇంతకుముందే తాగి ఖాళీ చేసిన చెంబు పక్కనే ఉంది. నేను దుప్పటి ఎత్తి చూశాను. రక్తం కోసం కింద పెట్టిన బట్ట ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. పొద్దున కాన్పయిన మనిషి బట్ట మీద మరకన్నా లేకపోవడమేమిటి?

"అవ్వా, బట్ట మార్చినవా?" అని అడిగాను.

"మార్చలే" అంది ముసలామె నేల చూపులు చూస్తూ. మంచం కింద మూతి కట్టిన నల్ల కవరు ఉంది. నేను వంగి లాగబోతే కాలు అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. గది మైల. నలుగురి కండ్ల వడితే దిష్టి తాకుతది, పోరికి పాలు పడయ్."

కాలు తప్పించి లాగాను. కవరు బరువుగా ఉంది. విప్పితే పాత చీర ముక్కలు, ఒక్కోటీ ముద్దగా తడిసి ఉంది. అవి అక్కడ పోగవుతుంటే పైన తెల్లబట్ట చూసి మేం మురిసిపోతున్నాం.

వార్డు సిస్టర్ డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. నా విద్యార్థిని మాత్రం మంచం పక్కనున్న మానిటర్ వైపే చూస్తూ నిలబడిపోయింది. బొమ్మ దగ్గరైతే తెర ముందు అరుస్తుంది, ఆ తర్వాతే పని మొదలవుతుంది. ఈ తెర ఇంకా అరవలేదు.

"అటు చూడకు. కడుపు మీద చెయ్యి పెట్టు" అన్నాను.

పెట్టింది. కాన్పయ్యాక గర్భసంచి బొడ్డు కింద గట్టిగా బంతిలా చేతికి తగలాలి. ఆ పిల్ల వేళ్లు వెతుక్కుంటున్నాయి. "మెత్తగున్నది మేడమ్. దొరుకుతలేదు."

ఆ పిల్లను పక్కకు నెట్టేసి నేనే చెయ్యాలని నా చేతులు లాగాయి. విద్యార్థి చేతిలోంచి పని లాక్కోకూడదన్నది నా పద్ధతి. కానీ అక్కడ పడుకున్నది బొమ్మ కాదు. ఒక పిల్లకు నేర్పడానికి ఇంకో పిల్ల ప్రాణం పెట్టుబడిగా పెట్టే హక్కు నాకెక్కడిది? ఆ పిల్ల చేతి మీదే నా చెయ్యి వేసి లోపలికి నొక్కి గుండ్రంగా రుద్దించాను. బాలింత మూలిగింది. మంచం మీద ఫోన్ మోగుతోంది. దుబాయి నుంచి మొగుడు బిడ్డను చూద్దామని వీడియో కాల్ చేస్తున్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది. డాక్టరమ్మ వచ్చింది, సూది పడింది, సెలైన్ ఎక్కింది. మేం చెయ్యి తీయలేదు.

"గట్టి పడుతున్నది మేడమ్" అంది ఆ పిల్ల. నా చేతికీ తెలిసింది.

గండం ఇంకా గడవలేదని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ రక్తం పోతే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాలి, దారిలో ఏమవుతుందో చెప్పలేం. అందుకని సాయంత్రం దాకా మార్చిన ప్రతి బట్టా చూడాలి. బట్టలు మార్చేది అత్తే. అంటే కోడలి ప్రాణం మళ్లీ ఆ ముసలామె చేతికే వచ్చింది.

నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "కోడల్ని చంపుకుంటవా ఏంది అవ్వా?" అనేశాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకు జారగిలబడింది. "నా కాన్పులప్పుడు మా అత్త గిట్లనే దాసింది. నాకేం గాలే" అంది. నచ్చజెప్పాను. ఫోన్‌లో బొమ్మలు పెట్టి గర్భసంచి ఎలా వదులవుతుందో చూపించబోయాను. మొహం తిప్పుకుంది.

మా బొమ్మకు అన్నీ ఉన్నాయి, అత్త ఒక్కతే లేదు. సిగ్గు లేదు, దిష్టి భయం లేదు, కారిన రక్తం కారినట్టు అందరి ముందూ కనిపిస్తుంది. ఇక మీదట ఒక పిల్లకు కొంగు కప్పి బొమ్మ పక్కన అత్తగా కూర్చోబెట్టాలనీ, ట్యాబ్ నొక్కినప్పుడల్లా ఆ అత్త బట్ట మార్చి దాచెయ్యాలనీ అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు అలాగే చేయిస్తున్నాను కూడా. కానీ ఆ మధ్యాహ్నం, నిజం అత్త ముందు ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు.

బెల్లంపల్లి పిల్ల చేతులు కడుక్కొని వచ్చి, నన్ను అడక్కుండానే ముసలామె పక్కన నేల మీద కూర్చుంది.

"అవ్వా, మా నాయినమ్మ గూడ దాస్తది. నువ్వు గూడ దాస్కో. గని ముందుగాల నాకొక్కదానికి చూపెట్టి దాస్కో. నేను ఎవ్వలకు చూపియ్య."

నేను అడ్డు చెప్పబోయాను. నేను నేర్పింది అది కాదు. విప్పి చూడండి, అందరి ముందూ పెట్టండి, సిగ్గుపడితే రోగం ముదురుతుంది, ఇదే నా పాఠం. ముసలామె ఈసారి మొహం తిప్పుకోలేదు. పసిపిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. నేను నోరు మూసుకున్నాను.

మంచం చుట్టూ తెర బట్ట లాగి, ఆ పిల్ల లోపలే ఉండిపోయింది. నేను బయట నిలబడ్డాను. అక్కడ్నుంచి మానిటర్ కనిపిస్తోంది. అంకెలు బాగానే ఉన్నాయి, నాకు మాత్రం నమ్మకం లేదు. పక్క మంచాల వాళ్లు పరేషాన్‌గా నా మొహం చూస్తున్నారు.

కొంతసేపటికి లోపల ముసలామె లేచిన అలికిడైంది. మంచం కిర్రుమంది. ఆమె మార్చిన బట్టను కొంగు చాటున ముడిచి పట్టుకుని తెర బట్ట బయటికి వచ్చింది. బాత్‌రూమ్ వైపు ఒక అడుగు వేసి ఆగింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను. ఆమె నా చేతిని చూసి, వెనక్కి తిరిగి, మళ్లీ తెర బట్ట లోపలికే వెళ్లింది.

లోపల బట్ట విప్పిన చప్పుడైంది.

"కొంచెమే ఉన్నది అవ్వా. ఫికర్ చెయ్యకు" అంది ఆ పిల్ల. ఆ మాట ముందు ముసలామెకు చెప్పి, బట్ట మళ్లీ ఆమె కొంగు చాటుకు చేరాకే నన్ను పిలిచింది.