చేతులాడిస్తే చాలన్న కచేరీ

మా జిల్లాలో పియానోను విన్నవాళ్ల కంటే దాని పక్కన నిలబడి ఫోటో దిగినవాళ్లే ఎక్కువ. ఈ మాట పొగరుతో అంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. బతుకంతా ఆ వాయిద్యం ముందే కూర్చున్నదాన్ని, నాకా హక్కుంది.

నేను పుట్టింది నెల్లూరులో. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా చర్చిలో దొరల కాలం నాటి పియానో ఒకటుండేది. దానిమీద మొదలుపెట్టి, మద్రాసులో నేర్చుకుని, ఆ తరవాత విదేశాల్లో చదివి, కచేరీలే వృత్తిగా పెట్టుకున్నాను. గొప్ప పేరేమీ రాలేదు. చిన్న చిన్న హాళ్లు, పొద్దస్తమానం సాధన, ముంజేతుల నొప్పులు, ఒక్క పంక్తి కుదరడానికి నెలల తరబడి యాతన. నేను బయట ఉండగానే చర్చివాళ్లు ఆ పియానోను పాతసామాన్లవాడికి ఇచ్చేసి, డప్పు మోత దానంతటదే వచ్చే కీబోర్డు కొన్నారు. "ఇప్పుడు ఆరాధన ఎంత ఉషారుగా ఉందో చూడమ్మా!" అన్నారు పాస్టరుగారు. ఆ ఉషారు చూస్తే నాకు జాలి కూడా కలగలేదు.

కిందటేడు ముత్తుకూరు వైపునుంచి ఒకావిడ ఫోన్ చేసింది. రేవు పనుల మీద పైకొచ్చిన కంపెనీ యజమాని భార్య. కృష్ణపట్నం దారిలో సముద్రం కనబడేలా అతిథిగృహం కట్టుకున్నారట.

"గ్రాండ్ పియానో కొన్నాం మేడమ్. మన నెల్లూరు ఆడబిడ్డ ఫారిన్‌లో వాయించిందంట గదా. మా కంపెనీ ఫంక్షన్‌కి మీరే రావాల."

"శ్రుతి చేయించారా?" అని అడిగాను.

"కొత్తదే గదా మేడమ్, దానికేంది!"

చెన్నై నుంచి మనిషిని తీసుకొస్తానన్నాను. అక్కర్లేదు, తమ మేనేజరు అన్నీ చూసుకుంటాడంది. అప్పుడే మానేయాల్సింది. కానీ అమ్మ పట్టుబట్టింది. "ఇన్నేళ్లలో నెల్లూరోళ్లు ఒక్కరూ నిన్ను పిలవలా. పోదాం. నేనుగూడా వచ్చి వింటా."

ఫంక్షన్ రోజు మధ్యాహ్నమే అమ్మతో వెళ్లి చూశాను. తెల్లటి పియానో, సముద్రం వైపు తెరిచిన కిటికీల ఎదురుగా. మూతమీద పూలకుండీ, దాని చుట్టూ కుటుంబం ఫోటోలు. ఒక మెట్టు నొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇంకోటి నొక్కాను. ఒక్క స్వరానికి ఉండే మూడు తీగలూ మూడు రకాలుగా మోగాయి. మూత ముందుభాగం ఎత్తి చూస్తే లోపల ఉప్పుగాలికి పట్టిన తుప్పు. వాళ్లు పైన మాత్రం రోజూ తుడిపిస్తున్నారు, మెరుస్తోంది.

ఇది వాయించడానికి పనికిరాదని చెప్పాను. మేనేజరు నవ్వాడు.

"దానికేముంది మేడమ్. నా ఫోన్లో మంచి పియానో మ్యూజిక్ ఉంది, స్పీకర్లకి పెట్టేస్తా. మీరు ఊరికే చేతులాడిస్తే చాలు. ఎవురికి తెలుస్తది?"

పక్కనే ఉన్న యజమాని భార్య వైపు తిరిగాను. ఆవిడ కూడా తలూపింది. "అదే మంచిది మేడమ్. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. తప్పులు పోకూడదు గదా."

తప్పులు పోయేది నా వేళ్లకట, వాళ్ల పియానోకు కాదట. లేచి వచ్చేసేదాన్నే. అప్పటికే అమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉంది. సరేననలేదు, కాదనీ అనలేదు.

సాయంత్రం జనం వచ్చారు. వెనక బల్లలమీద రొయ్యల వేపుడు, చేపల పులుసు సర్దుతున్నారు. సగం తలలు అటే తిరిగి ఉన్నాయి. నన్ను పొగిడి పియానో ముందు కూర్చోబెట్టారు. స్పీకర్లలో సంగీతం మొదలైంది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్క వేలు కూడా కదపలేదు.

ఎవరూ గమనించలేదు. ఫోన్లలో వీడియోలు తీశారు. ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి నా పక్కన నిలబడి సెల్ఫీ దిగి, "సూపర్ మేడమ్" అని వెళ్లాడు. అమ్మ మాత్రం నా ఒడి వైపే చూస్తోంది.

అంతలో మేనేజరుకు ఎవరో ఫోన్ చేశారు. పియానో ఆగిపోయి, హాలంతా సినిమా రింగ్‌టోన్ మోగింది. అతను పరిగెత్తి ఆపేశాడు. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నేను లేచి పూలకుండీ తీసి నేలమీద పెట్టాను. ఫోటోలు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. మూత పూర్తిగా ఎత్తి, నాకు తెలిసినవాటిలో అతి కష్టమైన, అతి వేగమైన రచన అందుకున్నాను. నా వేళ్లు ఎక్కడా తడబడలేదు. పియానో మాత్రం ప్రతి స్వరాన్నీ కుళ్లబొడిచి బయటికి విసిరింది. తీగలు గీపెట్టాయి, మెట్లు టకటకలాడాయి. ప్లేట్లు పట్టుకున్నవాళ్లు నోట్లో ముద్ద నమలడం ఆపేశారు. ఆ సాయంత్రం వాళ్లు విన్నది అదొక్కటే. చివరిదాకా వాయించాను. అమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

"ఇట్టా పరువు తీస్తారా మేడమ్? ఎంత మర్యాదగా పిలిచినాం!" అంది ఆవిడ, కళ్లనీళ్లతో.

"వాయించమని పిలిచారు, వాయించాను" అన్నాను.

అయినా, ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడని ఆమె భర్త నాకు శాలువా కప్పాడు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో వచ్చింది, శ్రోతలు పరవశించిపోయారన్న వార్తతో సహా.

తిరుగుదారిలో, కారులో అమ్మ అడిగింది. "ముందు మోగింది నువ్వు కాదు గదా?"

"కాదు."

"నాకు తెలుసులే. రెండోది వినడానికి చానా ఘోరంగా ఉండింది. అయినా అది నువ్వు వాయించినావు."

తరవాత ఊళ్లో మాట పుట్టింది. నాకు మొదటి పాట బాగానే వచ్చిందట, రెండోది పాడుచేశానట, నా ఫారిన్ చదువులన్నీ ఉత్తవేనట. ఒక ఆదివారం చర్చి బయట ఒకావిడ అమ్మను ఆపి, "ఏమక్కా, మీ పాపకి సరిగా రాదంట గదా?" అంది.

"నువ్వుగూడా ఆడ ఉండినావా?" అని అడిగింది అమ్మ.

"ఉండినా గదక్కా, ముందు వరసలోనే."

"మొదటి పాటప్పుడు నా బిడ్డ చేతులు యాడుండినాయి?"

ఆవిడ చెప్పులు వెతుక్కుంది.

ఆ తరవాత మా జిల్లా నుంచి నన్నెవరూ పిలవలేదు. నాకేం లోటు లేదు. ఆ అతిథిగృహంలో ఇప్పుడు మనిషి లేకుండానే తనంతట తాను మోగే పియానో తెచ్చిపెట్టారని విన్నాను. తగిన జోడీ దొరికింది. వచ్చేవారం చెన్నైలో ఒక చిన్న హాల్లో నా కచేరీ ఉంది. ఆ రోజు పొద్దున రైలుకి అమ్మ వస్తోంది.